మీ తర్వాత... మీ తుంటి మాకు

ఇంగ్లండ్ వాయవ్యాన, లాంకషైర్‌లో విగన్ పట్టణానికి దగ్గరగా రైటింగ్టన్ అనే ఊరుంది. 1960లలో అక్కడి ఆస్పత్రిలో తుంటి కీలు మార్పించుకున్న పెద్దవాళ్లను డాక్టరుగారు ఒక కోరిక కోరేవారు. మీరు కాలం చేశాక, మేం పెట్టిన కీలును మళ్లీ మాకు ఇప్పిస్తారా అని. మన దగ్గరైతే ఆ అపశకునపు మాటలేమిటని చుట్టాలు డాక్టరు మీదికి లేచేవారేమో. అక్కడ మాత్రం దాదాపు అందరూ సరేనన్నారు. ఏళ్ల తరబడి నొప్పితో కుంటినవాళ్లు మళ్లీ బజారుకు నడిచి వెళ్లారు మరి, ఆపాటి రుణం తీర్చుకోవచ్చనుకున్నారు కాబోలు. కబురు వచ్చినప్పుడల్లా ఆస్పత్రి వాళ్లు వెళ్లి కీలు తెచ్చుకునేవారు. గిన్నె ఎంత అరిగింది, సిమెంటు పట్టు సడలిందా, చుట్టూ ఎముక ఎలా ఉంది అని పరీక్షించేవారు.

ఆ డాక్టరు సర్ జాన్ చార్న్‌లీ. ఇప్పుడు మన జిల్లా కేంద్రాల్లో కూడా జరుగుతున్న తుంటి మార్పిడి ఆపరేషన్‌కు తీరూతెన్నూ ఏర్పరచింది ఆయనే. 2007లో లాన్సెట్ పత్రిక ఈ ఆపరేషన్‌ను శతాబ్దపు ఆపరేషన్ అంటూ సమీక్షా వ్యాసం వేసింది. అయితే కృత్రిమ తుంటి ఆలోచన మొదట వచ్చింది ఆయనకు కాదు, మొదట అమర్చిందీ ఆయన కాదు. ప్లాస్టిక్, ఉక్కు బంతి, పళ్ల డాక్టర్ల సిమెంటు అన్నీ అప్పటికే ఎవరో ఒకరి దగ్గర ఉన్నవే. ఆయన ప్రత్యేకత మరోచోట ఉంది. తన చేతిపని ఎక్కడ చెడిందో కనిపెట్టడానికి రోగి సమాధి దాకా వెంటపడిన సర్జన్ ఆయన. ముందుగా తన సొంత కాలి ఎముకనే పణంగా పెట్టిన మనిషి కూడా.

తుంటి పోతే

తుంటిలో ఉన్నది బంతి, గిన్నె. తొడ ఎముక పైకొస బంతిలా గుండ్రంగా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. రెంటి మీదా నున్నటి కార్టిలేజ్ పొర. ఒంటికాలి మీద నిలబడితే ఆ కీలు మీద పడే బరువు మన ఒంటి బరువుకు దాదాపు మూడింతలు. మామూలుగా నడిచే మనిషి ఒక్కో కాలూ ఏడాదికి సుమారు పది లక్షల అడుగులు వేస్తుంది. ఆ పొర అరిగిపోతే ఎముకకు ఎముక రాసుకుంటుంది. పగలు అడుగు పడదు, రాత్రి నిద్ర పట్టదు.

ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా సర్జన్లు చేయగలిగింది తక్కువ. కీలును కదలకుండా బిగించేసి ఎముకలు రెండూ అతుక్కునేలా చేసేవారు. నొప్పి పోయేది, కాలు మాత్రం కొయ్యబారేది. లేదంటే చెడిన భాగాన్ని తీసిపారేసి వదిలేసేవారు. మార్చి చూద్దామన్నవాళ్లూ లేకపోలేదు. బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ 19వ శతాబ్దం చివర్లోనే ఏనుగు దంతంతో కీళ్లు చేయించాడు. లండన్‌లో ఫిలిప్ వైల్స్ 1938లో ఉక్కు బంతి, ఉక్కు గిన్నె పెట్టి చూశాడు. పారిస్‌లో జుడే సోదరులు 1946లో యాక్రిలిక్ బంతిని తొడ ఎముకకు తగిలించారు. కొన్నాళ్లు బాగుండేవి, తర్వాత సడలేవి, విరిగేవి, అరిగేవి.

దంతం మాట వచ్చింది కనుక ఒక ముచ్చట. గ్లుక్ తర్వాత అది మరుగున పడిపోయిందనుకుంటాం గానీ, బర్మాలో, మాండలే ఆస్పత్రిలో, డాక్టర్ సాన్ బా అనే సర్జన్ 1960 నుంచి చాలా ఏళ్లపాటు దంతంతో చేసిన తుంటి బంతులు అమర్చారు. మొదటి రోగి 83 ఏళ్ల బౌద్ధ సన్యాసిని. మొత్తం మూడు వందల పైచిలుకు ఆపరేషన్లు. దిగుమతి లోహం కన్నా దంతమే వాళ్లకు చవక. 1969లో లండన్ వెళ్లి బ్రిటిష్ సర్జన్ల సభలో తన ఫలితాలు వినిపించారాయన. తన రోగుల్లో గొంతుక్కూర్చోగలిగినవాళ్లూ, సైకిల్ తొక్కినవాళ్లూ ఉన్నారని చూపించారు. తుంటి చరిత్ర అనగానే ఐరోపా, అమెరికా పేర్లే వల్లెవేసే మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకో పేరా ఇస్తే ఏం పోయింది?

సొంత ముంగాలి మీద కత్తి

చార్న్‌లీ 1911లో మాంచెస్టర్ పక్కనున్న బరీ పట్టణంలో పుట్టారు. తండ్రికి మందుల దుకాణం, తల్లి నర్సు. మాంచెస్టర్‌లో వైద్యం చదివి, 25 ఏళ్లకే ఎఫ్ఆర్‌సీఎస్ తెచ్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి డంకర్క్ తరలింపు చూశారు, తర్వాత కైరోలో పనిచేశారు. అక్కడ ఆయనకు అసలు చదువు సైన్యపు వర్క్‌షాపులో దొరికింది. విరిగిన కాళ్లకు కట్టే చట్రాలను ఇంజినీర్ల పక్కన కూర్చుని తన కొలతలతో చేయించుకునేవారు. ఆపరేషన్ థియేటర్‌లో ఎంత సుఖంగా ఉండేవారో లేత్ మెషీన్ దగ్గర అంత సుఖంగా ఉండే ఆ అలవాటు ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

యుద్ధం ముగిశాక, 1946లో, ఆస్వెస్ట్రీలోని ఎముకల ఆస్పత్రిలో ఆరునెలలు పనిచేశారు. అప్పట్లో ఎముకల డాక్టర్లను వేధిస్తున్న ప్రశ్న బోన్ గ్రాఫ్ట్. ఒకచోట నుంచి ఎముక ముక్క తీసి మరోచోట పెడితే అది బతికి అతుక్కుంటుందా, లేక చచ్చి దాని స్థానంలో కొత్త ఎముక పుడుతుందా? కొత్త ఎముకను పుట్టించేది పైనున్న పొరా, లోపలి కణాలా? పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఒలియే పై పొరదే ఘనత అన్నాడు, స్కాట్లండ్‌లో మెక్యూవెన్ కాదన్నాడు. తగవు తెగలేదు. ఆ మెక్యూవెనే 1880 ప్రాంతంలో వేరే పిల్లల ఎముక ముక్కలతో ఒక బాలుడి చేతి ఎముకను నిలబెట్టాడు కాబట్టి ఆయన మాటను తోసిపుచ్చడమూ కుదరలేదు.

చార్న్‌లీ ఈ ప్రశ్నకు తన కాలినే ఇచ్చారు. తోటి సర్జన్‌ను ఒప్పించి తన ముంగాలి ఎముక మీద గ్రాఫ్ట్ ఆపరేషన్ చేయించుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న ఎముక, ఏ జబ్బూ లేదు, కేవలం చూద్దామని. చీము పట్టింది. ఇన్ఫెక్షన్ ఎముకకు పాకింది. మళ్లీ కత్తి తప్పలేదు. యువ సర్జన్‌గా ఎదగవలసిన వయసులో రోగిగా మంచాన పడ్డారు.

దీన్ని వీరగాథలా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ కూడా ఆ ప్రయోగాన్ని ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అయితే అందులో రెండు విషయాలున్నాయి. ఒకటి, రోగి మీద చేయబోయేదాన్ని ముందు తన మీద చేసుకోవాలన్న పట్టుదల. రెండోది, ఎముకలో చేరిన చీము ఎంత మొండిదో ఆయనకు పుస్తకంలో కాక ఒంట్లో తెలిసింది. తర్వాతి కాలంలో ఆపరేషన్ థియేటర్ గాలి గురించి ఆయన పట్టిన పంతానికి ఈ కాలే కారణమని తేల్చి చెప్పలేం గానీ, సంబంధం లేదంటే నమ్మడం కష్టం.

1947లో మాంచెస్టర్ రాయల్ ఇన్‌ఫర్మరీలో కన్సల్టెంట్ అయ్యారు. 1950లో విరిగిన ఎముకలను కోత లేకుండా సరిచేయడం మీద రాసిన పుస్తకం ఆయనకు మొదటి పేరు తెచ్చింది. కట్టు ఎముకను మూడు చోట్ల సరిగ్గా నొక్కి పడితే చాలా విరుపులకు కత్తి అక్కర్లేదన్నది దాని సారం. పుత్తూరు కట్టును నమ్మే చిత్తూరు జిల్లా జనానికి ఈ మాట ఇంపుగానే ఉంటుంది. తేడా ఏమిటంటే, ఎక్కడ ఎందుకు నొక్కాలో ఆయన యంత్రశాస్త్రంలా లెక్కవేసి చెప్పారు, ఏ విరుపు అలా కుదరదో కూడా రాశారు.

ఉప్పు డబ్బా అందుకుంటే కీచుమని

తుంటి వైపు ఆయన్ని తిప్పింది ఒక చప్పుడు. జుడే రకం యాక్రిలిక్ బంతి పెట్టించుకున్న ఒకాయన ఆయన దగ్గరికి వచ్చాడు. భోజనాల బల్ల దగ్గర ఉప్పు కోసం ముందుకు వంగితే చాలు, తుంటి కీచుమనేది. భరించలేక భార్య గదిలోంచి లేచి వెళ్లిపోయేదట. వేరే డాక్టరైతే నవ్వి ఊరుకునేవాడు. చార్న్‌లీ ఆలోచనలో పడ్డారు. కీచుమంటోందంటే రాపిడి ఎక్కువగా ఉన్నట్టు. రాపిడి అంత ఉంటే బంతి తిరిగినప్పుడల్లా దాని కాడ ఎముకలో మెలికపడుతుంది, రోజురోజుకూ సడలుతుంది. కొన్నాళ్లకు చప్పుడు ఆగితే బాగుపడిందని కాదు, కాడ వదులైపోయిందని.

అక్కడి నుంచి అసలు కీలు ఎలా జారుతుందన్న ప్రశ్న పట్టుకున్నారు. తీసేసిన కాళ్ల నుంచి తాజా కీళ్లు తెచ్చి లోలకంలా ఊపి రాపిడి కొలిచారు. మంచు మీద జారే స్కేటు కన్నా కార్టిలేజ్ మీద రాపిడి తక్కువని తేలింది. ఆ జారుడంతా కీలులోని ద్రవానిదేనని అప్పటిదాకా అనుకునేవారు. కాదు, ఘనత ఆ ఉపరితలానిదే అన్నారాయన. అంటే కృత్రిమ కీలుకు కీళ్ల ద్రవం మీద ఆశ పెట్టుకోకుండా, తనంతట తానే జారే పదార్థం కావాలి. అలాంటిది అప్పట్లో ఒకటే కనిపించింది. టెఫ్లాన్.

ఇంకో రెండు నిర్ణయాలు ఈ దశలోనే పుట్టాయి. ఒకటి, బంతి చిన్నదిగా ఉండాలి. బంతి పెద్దదైతే రాపిడి దూరం నుంచి లాగి గిన్నెను మెలితిప్పుతుంది. చిన్నదైతే ఆ మెలిక తగ్గుతుంది, గిన్నెకు మందం కూడా మిగులుతుంది. మిగతావాళ్లు 40 మిల్లీమీటర్ల బంతులు వాడుతుంటే ఆయన తగ్గిస్తూ తగ్గిస్తూ 22.225 మిల్లీమీటర్లకు, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులకు వచ్చి ఆగారు. రెండోది సిమెంటు. మాంచెస్టర్ దంత వైద్య కళాశాలలో పదార్థాల శాస్త్రవేత్త డెనిస్ స్మిత్ కట్టుడు పళ్ల యాక్రిలిక్‌ను వాడి చూడమన్నారు. చార్న్‌లీ దాన్ని జిగురులా వాడలేదు. గోడకూ గుమ్మానికీ మధ్య సందులో తాపీమేస్త్రీ మాలు కూరినట్టు, కాడకూ ఎముకకూ మధ్య ఖాళీ మిగలకుండా పిండిలా కూరారు. బరువు ఒక్కచోట పడకుండా ఎముకంతటికీ సర్దుకుంది.

మూడు వందల తుంట్లు

1961 మేలో లాన్సెట్‌లో ఆయన వ్యాసం వచ్చింది. టెఫ్లాన్ తుంట్లు పెట్టించుకున్నవాళ్లు లేచి నడుస్తున్నారు. అదే ఏడాది రైటింగ్టన్‌లో తుంటి శస్త్రచికిత్సా కేంద్రం తెరుచుకుంది. అది అంతకుముందు క్షయ రోగుల ఆస్పత్రి. స్ట్రెప్టోమైసిన్ వచ్చాక మంచాలు ఖాళీ అవుతూ వచ్చాయి. మాంచెస్టర్‌లో పేరున్న కొలువు వదులుకుని చార్న్‌లీ ఆ పల్లెటూరి ఆస్పత్రిని ఎంచుకున్నారు, ఒక్క కీలు మీదే జీవితం గడపడానికి.  

సంతోషం ఏడాది కూడా నిలవలేదు. టెఫ్లాన్ జారింది నిజమే, కానీ అరిగింది కూడా. రెండు మూడేళ్లలో గిన్నెలో బంతి దిగబడిపోయింది. అంతకన్నా ఘోరం, రాలిన పొడి చుట్టూ కండలోనూ ఎముకలోనూ ముద్దలు ముద్దలుగా పెరిగి, ఎముకను తినేయడం మొదలైంది. దాదాపు మూడు వందల మంది ఒంట్లో ఉన్న తుంట్లు ఒకటొకటిగా చెడిపోసాగాయి. వాటిని మళ్లీ తెరిచి తీసే పనిని చార్న్‌లీ తన మీదే వేసుకున్నారు. తప్పును వేరే ఆస్పత్రికి పంపించలేదు, గణాంకాల్లో కలిపేసి దాచలేదు. ఏం జరిగిందో పత్రికల్లో రాశారు.

అది చాలక మళ్లీ తన ఒళ్లే. టెఫ్లాన్ పొడిని తన తొడ చర్మం కింద పెట్టుకున్నారు, పోలికకు పక్కనే పాలిథిలిన్ కూడా. నెలలు గడిచాక టెఫ్లాన్ పెట్టినచోట గట్టి గడ్డలు చేతికి తగిలాయి. పాలిథిలిన్ పెట్టినచోట ఏమీ లేదు. 1963లో ఈ సంగతి లాన్సెట్‌లో అచ్చయింది. రోగి, డాక్టరు, ఫలితం అన్నీ ఒకే మనిషి.

మగ్గం పళ్ల చక్రాలు అమ్మే మనిషి

ఆ పాలిథిలిన్ ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పుకుంటే కథలో హ్యారీ క్రేవెన్ రావాలి. డిగ్రీలు లేని ఫిట్టర్, చేతిపనిలో దిట్ట. చార్న్‌లీ గీసిన బొమ్మలు లోహమై రూపం దిద్దుకున్నది ఆయన చేతుల్లోనే. 1962 మేలో ప్లాస్టిక్ పళ్ల చక్రాలు అమ్మే ఒక సేల్స్‌మన్ రైటింగ్టన్ వచ్చాడు. లాంకషైర్ అంటే బట్టల మిల్లుల సీమ. మరమగ్గాల్లో రాపిడికి తట్టుకునే ఒక కొత్త పాలిథిలిన్ అతని దగ్గరుంది. క్రేవెన్ ఒక ముక్క తీసుకుని చార్న్‌లీకి చూపించాడు. ఆయన బొటనవేలి గోరుతో గీరి చూసి, ఇంత మెత్తటిదా, నీ సమయం వృథా అని వెళ్లిపోయారు.

క్రేవెన్ వినలేదు. చార్న్‌లీ కోపెన్‌హేగెన్ వెళ్లిన సమయం చూసుకుని ఆ ముక్కను అరుగుదల యంత్రానికి ఎక్కించి రాత్రింబవళ్లు తిప్పాడు. మూడు వారాలకు అది అరిగింది, టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగే దానికన్నా తక్కువే. వచ్చి చూసిన చార్న్‌లీకి మరి వాదించడానికి ఏమీ మిగల్లేదు. తర్వాత చెప్పుకున్న ప్రతిచోటా క్రేవెన్ పేరు చెప్పారు. కింది ఉద్యోగి తన మాట కాదని చేసిన పనికి ఘనత ఇచ్చే పెద్దాయన ఎవరైనా సరే, నాకు కొంచెం ఎక్కువే నచ్చుతాడు.

1962 నవంబరులో మొదటి పాలిథిలిన్ గిన్నె రోగి తుంటిలోకి వెళ్లింది. తర్వాతి కాలంలో కొలిస్తే అది ఏడాదికి సగటున మిల్లీమీటరులో పదో వంతు దరిదాపుల్లో అరిగింది. ఉక్కు బంతి, పాలిథిలిన్ గిన్నె, యాక్రిలిక్ సిమెంటు. ఇప్పుడు పదార్థాలు మెరుగయ్యాయి, సిమెంటు లేని పద్ధతులు వచ్చాయి, సిరామిక్ బంతులు వచ్చాయి. అమరిక మాత్రం అదే.

ఆగడం కూడా వైద్యమే

ఈ దశలో చాలామంది సర్జన్లు దేశాలు తిరిగి ప్రచారం చేసుకుంటారు. చార్న్‌లీ ఆగారు. టెఫ్లాన్ నేర్పిన పాఠం పచ్చిగానే ఉంది. కొన్నేళ్లు రైటింగ్టన్ దాటి ఆ తుంటిని బయటికి పోనివ్వలేదు. తర్వాత కూడా, దాన్ని తయారుచేసే లీడ్స్ కంపెనీ థాక్రే నుంచి కొనాలంటే సర్జన్ రైటింగ్టన్ వచ్చి, చూసి, నేర్చుకుని వెళ్లాల్సిందే. తోటివాళ్లకు ఇది అహంకారంలా కనిపించింది. ఆయన మాట మొరటుదని, తనకు తప్ప ఎవరికీ ఏమీ తెలియదన్నట్టు ఉండేవారని చెప్పుకున్నవాళ్లున్నారు. ఉండొచ్చు. రోగికి దానివల్ల నష్టమేమీ రాలేదు.

గాలి మీద ఆయన యుద్ధం కూడా అలాగే మొండిగా సాగింది. మొదట్లో ఆయన ఆపరేషన్లలో నూటికి ఏడు నుంచి తొమ్మిది తుంట్లకు చీము పట్టేది. ఒంట్లో ఇనుము, ప్లాస్టిక్ ఉన్నచోట చీము పడితే మందులకు లొంగదు, అన్నీ పీకి బయట పడేయాల్సిందే. క్రిములు ఎక్కడ నుంచి వస్తున్నాయి? థియేటర్లో ఉన్న మనుషుల చర్మం నుంచి, ఊపిరి నుంచి, గాలిలోంచి అన్నారు చార్న్‌లీ. గాలి వడపోత పరికరాలు చేసే హోవర్త్‌తో కలిసి థియేటర్ మధ్యలో గాజు గదిలాంటిది కట్టించారు. వడపోసిన గాలి పైనుంచి కిందికి వీస్తుంది, సర్జన్ ఒంటినిండా కప్పిన దుస్తుల్లో ఉంటాడు, అతని ఊపిరి గొట్టంలోంచి బయటికి పోతుంది. కొందరు నవ్వారు. చీము కేసులు మాత్రం నూటికి ఒకటి కన్నా కిందికి దిగాయి. అందులో గాలి వాటా ఎంత, మిగతా జాగ్రత్తల వాటా ఎంత అన్న వాదన తర్వాత చాలాకాలం నడిచింది. 1982లో సుమారు 8 వేల ఆపరేషన్ల మీద లిడ్‌వెల్ బృందం చేసిన పరీక్ష శుభ్రమైన గాలికి ఫలితం ఉందని తేల్చింది. ఆ ఆగస్టులోనే చార్న్‌లీ కన్నుమూశారు. అప్పటికి లాస్కర్ అవార్డు, రాయల్ సొసైటీ ఫెలోషిప్, సర్ బిరుదు అన్నీ వచ్చాయి, నోబెల్ తప్ప.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. థాక్రే కంపెనీని 1990లో డెపై అనే కంపెనీ కొనుక్కుంది, ఆ డెపైని తర్వాత జాన్సన్ అండ్ జాన్సన్ కొనుక్కుంది. అదే డెపై అమ్మిన ఏఎస్ఆర్ అనే తుంటి, పెద్ద లోహపు బంతి, లోహపు గిన్నె, ప్రపంచమంతా 93 వేల మందికి అమర్చాక 2010 ఆగస్టులో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. లోహం లోహంతో రాసుకుని కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరాయి, చుట్టూ కండ చచ్చింది. మన దేశంలో సుమారు 4,700 మందికి ఆ తుంట్లు పెట్టారు. కేంద్ర ఆరోగ్య శాఖ నియమించిన నిపుణుల కమిటీ లెక్కలు తీసేసరికి వాళ్లలో వేలమంది ఎక్కడున్నారో కంపెనీ చెప్పలేకపోయింది. చచ్చినవాళ్ల తుంటిని కూడా ఊరూరా వెళ్లి వెనక్కి తెచ్చుకున్న మనిషి వారసత్వాన్ని కొనుక్కున్నవాళ్లు, బతికున్నవాళ్ల జాడ పెట్టుకోలేకపోయారు.

స్వీడన్ 1979లోనే, పెట్టిన ప్రతి తుంటికీ దేశవ్యాప్తంగా లెక్క రాయడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్ 2003లో అందుకుంది. మన దగ్గర కీళ్ల సర్జన్ల సంఘం నడిపే రిజిస్ట్రీ ఉంది, కానీ రాసేవాళ్లు రాస్తారు, లేనివాళ్లు లేదు. ఇంట్లో తుంటి మార్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, డిశ్చార్జి కాగితాల్లో కీలు తయారీదారు పేరు, సైజు, నంబరు ఉన్న స్టిక్కర్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆస్పత్రిని అడిగి తీసుకోండి.

తిన్న ఎముకను నింపేదెలా

పాలిథిలిన్ నిదానంగా అరుగుతుంది, కానీ అరుగుతుంది. ఆ పొడి కణాలను ఒంట్లోని భక్షక కణాలు మింగుతాయి, అరాయించుకోలేవు, ఆ పెనుగులాటలో పక్కనున్న ఎముక కరిగిపోతుంది. చాలాకాలం నింద సిమెంటు మీద పడింది. సిమెంటు లేని తుంట్లలోనూ అదే జరగడంతో అసలు నేరస్థుడు పొడి అని తేలింది. టెఫ్లాన్‌లో రెండేళ్లకు వచ్చిన జబ్బు పాలిథిలిన్‌లో పదిహేను, ఇరవై ఏళ్లకు వచ్చిందన్నమాట. డెబ్బై ఏళ్లవాళ్లకు చేసిన ఆపరేషన్ అయితే ఫరవాలేదు. చార్న్‌లీ కూడా ముసలివాళ్లకే చేయడానికి ఇష్టపడేవారు, కుర్రవాళ్లు తుంటిని అరగదీస్తారని భయం.

కానీ తుంటి సడలిన మనిషికి మళ్లీ ఆపరేషన్ చేయబోతే, కొత్త కీలును పట్టుకోవడానికి ఎముకే లేదు. గిన్నె చోట గుంట, తొడ ఎముక పెంకులా పలచన. 1940లలో చార్న్‌లీని తన కాలు కోయించుకునేలా చేసిన ప్రశ్న ఇక్కడ ఇంకో తరానికి ఎదురైంది. పరాయి ఎముక ముక్క బతుకుతుందా?

జవాబు నెదర్లాండ్స్‌లోని నైమెగెన్ నుంచి వచ్చింది. టామ్ స్లూఫ్ బృందం గుంటలను ఎముక ముక్కలతో నింపి, సుత్తితో దట్టంగా కొట్టి, దాని మీద సిమెంటు వేసి గిన్నె పెట్టడం మొదలుపెట్టింది. 1984లో ఆ పద్ధతి అచ్చయింది. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ సర్జన్లు రాబిన్ లింగ్, గ్రాహం గీ తొడ ఎముక వైపు కూడా అదే చేశారు. ముక్కలు ఎక్కడివి? మొదటిసారి తుంటి మార్చే రోగుల నుంచి తీసేసిన బంతులు. మామూలుగా చెత్తబుట్టకు పోయేవి. దాతకు హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేసి, మైనస్ 80 డిగ్రీల్లో దాచి, అవసరమైనప్పుడు తీసి మిల్లీమీటర్ల కొలతలో ముక్కలు చేస్తారు. పెట్టినప్పుడు అది చచ్చిన ఎముకే. కానీ గట్టిగా దట్టించి, కదలకుండా ఉంచితే, పక్కనున్న బతికున్న ఎముక నుంచి రక్తనాళాలు దాంట్లోకి పాకుతాయి. పాతది కొంచెం కొంచెంగా కరుగుతూ కొత్తది పుడుతుంది. ఒలియే, మెక్యూవెన్ ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉందన్నమాట.

మనకు ఈ గొడవ ఎందుకంటారా? పాశ్చాత్య దేశాల్లో తుంటి మార్పిడి ఎక్కువగా అరుగుదల వచ్చిన వృద్ధులకు. మన దేశంలో పెద్ద వాటా ఏవీఎన్‌ది. బంతికి రక్తం అందక అది చచ్చి కూలిపోయే జబ్బు. మద్యం, స్టెరాయిడ్లు, సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ముఖ్య కారణాల్లో కొన్ని. పాడేరు, ఆదిలాబాద్ ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ సంగతి తెలిసిందే. కొవిడ్ తర్వాత స్టెరాయిడ్లు వాడినవాళ్లలో కూడా ఈ కేసులు కనిపించాయి. వచ్చేవాళ్లు ముప్పై, నలభై ఏళ్లవాళ్లు. పొలం పనులు, భవన నిర్మాణం పనులు చేసేవాళ్లు. నేల మీద బాసింపట్టు వేయొద్దు, గొంతుక్కూర్చోవద్దు, కుర్చీ లాంటి మరుగుదొడ్డి కట్టించుకోండి అని డాక్టరు చెబితే తల ఊపి ఇంటికి వెళ్తారు. ముప్పై అయిదేళ్ల మనిషికి పెట్టిన తుంటి, ఎంత మంచిదైనా, అతనితో పాటు ముసలిదవుతుంది. రెండోసారి, ఒక్కోసారి మూడోసారి తెరవాల్సి వస్తుంది. ప్రతిసారీ కొంత ఎముక పోతుంది.

అక్కడ ఎముక బ్యాంకు అవసరం పడుతుంది. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి 1988లోనే కణజాల బ్యాంకు పెట్టి, గామా కిరణాలతో శుద్ధి చేసిన ఎముకను అందిస్తోంది. అలాంటివి దేశానికి చాలినన్ని లేవు. ఉన్నచోట కూడా సర్జన్లందరూ దట్టించే పద్ధతిని ఎంచుకోరు. చాలాసేపు ఓపిగ్గా సుత్తి వేయాలి. తక్కువ కొడితే గిన్నె కిందికి దిగుతుంది, ఎక్కువ కొడితే పలచని తొడ ఎముక విరుగుతుంది. దానికన్నా గుంట ఆకారానికి సరిపోయే రంధ్రాల లోహపు ముక్కను బిగించడం తొందరగా అయిపోతుంది, ఫలితాలూ బాగానే ఉన్నాయి, ఖర్చు మాత్రం ఎక్కువ. వయసులో ఉన్న రోగికి లోహం నింపాలా, ఎముక నింపాలా అన్నదాని మీద సర్జన్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. లోహం ఇవాళ్టి పని తీరుస్తుంది, ఎముక ఎదిగితే మూడో ఆపరేషన్‌కు చోటు మిగులుతుంది. ముప్పై అయిదేళ్ల రోగి విషయంలో నా ఓటు ఎముకకే.